మొదట పరిగెత్తేవాణ్ణే తీసుకోమన్నాను

మా కోడలు కెనడాలో, హాలిఫాక్స్ ఊళ్ళో ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేస్తుంది. రక్తం గొట్టాలు యంత్రంలో పెట్టి, వచ్చిన అంకెలు చూసి, వాటిలో ఏది నమ్మాలో, ఏది మళ్ళీ చేసి చూడాలో తేల్చే పని. ఆ ఉద్యోగంలో చేరిన మూడేళ్ళూ క్రిస్మస్ రోజు డ్యూటీ ఆమెకే పడింది. అందరికంటే ఆఖరున చేరినవాళ్ళకి ఆ రోజు వెయ్యడం అక్కడి ఆనవాయితీ. ఆమె తర్వాత ఎవరూ చేరలేదు. మూడేళ్ళయినా ఆమే కొత్తమనిషి.

ఇక్కడ తెలుగు క్రైస్తవులం పదిహేను కుటుంబాల దాకా ఉన్నాం. ఒక ఇంగ్లీషు చర్చి వెనక హాలు మాట్లాడుకుని క్రిస్మస్ ఉదయం ఆరాధన పెట్టుకుంటాం. పాటలు నడిపించేది మా కోడలే. ఆమె లేని మూడు క్రిస్మస్‌లలో పల్లవి ఒకరు ఎత్తుకుంటే చరణం ఇంకొకరు వేరే శ్రుతిలో లాక్కుపోయారు. పాస్టరుగారు చిరునవ్వుతో భరించారు. ఆమె మాత్రం తెల్లవారుజామునే టిఫిన్ డబ్బా పట్టుకుని, మంచులో బస్సెక్కి వెళ్ళిపోయేది. ఏనాడూ సణగలేదు. మూడో ఏడు మాత్రం గుమ్మం దగ్గర బూట్లు తొడుక్కుంటూ, "వచ్చే ఏడైనా ఈ పొద్దున నేను మీ మధ్యలో ఉండాలి అత్తయ్యా" అంది. అంతే.

మరుసటి జూలైలో ల్యాబ్‌లో ఒక మాట పుట్టింది. పుట్టించినది అక్కడి సీనియర్, ఎర్రగడ్డం ఆయన. ఏటా వాళ్ళు పదిమంది కలిసి ఫాంటసీ ఫుట్‌బాల్ ఆడతారు. ఈసారి ఆటలో ఆఖరున వచ్చినవాళ్ళు క్రిస్మస్ డ్యూటీ చెయ్యాలి, సీనియర్ అయినా సరే, అన్నాడట. పదిమందిలో ఒకరు ఉద్యోగం మారి వెళ్ళిపోవడంతో ఒక చోటు ఖాళీగా ఉంది. మా కోడలు చెయ్యెత్తింది. ఆమెకి ఆ ఆట గురించి అప్పటికి తెలిసింది బంతి గుడ్డు ఆకారంలో ఉంటుందని మాత్రమే.

చదివేవాళ్ళకి ఆ ఆట సంగతి కొంచెం చెప్పాలి. మన పిల్లలు ఫోన్లలో క్రికెట్ జట్లు కట్టుకుంటారు కదా, ఇదీ ఆ బాపతే. మైదానంలో అమెరికా ఆటగాళ్ళు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి కొట్టుకుంటుంటే, ఇక్కడ వంటింట్లో కూర్చున్నవాళ్ళకి పాయింట్లు వస్తాయి. అయితే ఇందులో ఒక ఆటగాణ్ణి ఒకరు తీసుకున్నాక ఇంకొకరికి వాడు ఉండడు. అందుకని ఆటల కాలం మొదలయ్యే ముందు పదిమందీ ఒకచోట కూర్చుని, వంతులవారీగా ఏరుకుంటారు. ఆ ఏరుకోవడాన్ని డ్రాఫ్ట్ అంటారు. ఆ తర్వాత వారానికొకరితో పోటీ, పద్నాలుగు వారాలు. డిసెంబర్ మధ్యకి ఆఖరెవరో తేలిపోతుంది.

చీటీలు వేస్తే మా కోడలికి మొదటి వంతు వచ్చింది. అందరూ అదృష్టమన్నారు. ఆమె మాత్రం ఇంటికొచ్చి తల పట్టుకుంది.

"మొదటిది నాదే, కానీ రెండో రౌండు వెనక నుంచి మొదలవుతుంది అత్తయ్యా. నాకు మళ్ళీ వంతొచ్చేసరికి పంతొమ్మిది మంది వెళ్ళిపోతారు. ఇరవయ్యో మనిషిని ఏరుకోవాలి."

"అయితే మంచివాడెవడో వాణ్ణి మొదటే పట్టెయ్."

"అందరూ మంచివాళ్ళే. ఏ పనివాణ్ణి ముందు పట్టాలన్నదే తేలట్లేదు."

ఆగస్టంతా ఆ ప్రశ్నే మా ఇంట్లో తిరిగింది. బంతి విసిరేవాడు ఒకడు, క్వార్టర్‌బ్యాక్. బంతి పట్టుకుని మనుషుల మధ్య నుంచి దూరి పరిగెత్తేవాడు రన్నింగ్ బ్యాక్. దూరంగా ఉరికి, గాల్లో వచ్చే బంతిని అందుకునేవాడు రిసీవర్. ఈ ముగ్గురిలో మొదట ఎవరు? మా కోడలు బస్సులో చదివింది, నీళ్ళు దాటించే ఫెర్రీ పడవలో చదివింది, పప్పు కుక్కరులో ఉడుకుతుంటే గట్టు మీద పుస్తకం పెట్టుకుని రాసుకుంది. మా అబ్బాయి చూసి, "పదో తరగతి పరీక్షలకి కూడా నువ్వింత చదివుండవు" అని ఏడిపించాడు.

"పదో తరగతి తప్పితే మళ్ళీ రాసుకోవచ్చు. క్రిస్మస్ మళ్ళీ ఏడాదికి గాని రాదు" అంది.

ఆమె పని చేసే తీరు చూసి నాకు ముచ్చటేసింది. పేరున్నవాడి వెంట పడలేదు. విసిరేవాళ్ళలో మొదటివాడికీ పదోవాడికీ తేడా ఎంతో రాసుకుంది. కొంచెమే. వాణ్ణి తర్వాతైనా తీసుకోవచ్చని పక్కన పెట్టేసింది. పరిగెత్తేవాళ్ళలో మొదటివాడికీ ఇరవయ్యోవాడికీ తేడా చాలా ఎక్కువ. అందుకునేవాళ్ళలో తేడా మామూలుగా అంత ఉండదట గానీ, ఆ ఏడు ఒకడు మిగతావాళ్ళని చాలా వెనక వదిలేసి ఉన్నాడు. చివరికి ఇద్దరు మిగిలారు. పరిగెత్తేవాడా, అందుకునేవాడా?

నేను ఊరుకుని ఉండొచ్చు. ఊరుకోలేదు. ఎందుకంటే మనుషుల్ని ఏరడం నా పని. మా వైపు పాతికేళ్ళు వరి ఊడ్పుల ముఠాకి మేస్త్రీగా చేశాను. అప్పట్లో అక్షరమ్ముక్క రాకపోయినా ఎవరి చెయ్యి ఎంత పని చేస్తుందో నాకు తెలిసేది. పొద్దున్నే రెండు మూడు ముఠాల వాళ్ళం ఒకే వీధిలో మనుషుల కోసం తిరిగేవాళ్ళం. మిగతా మేస్త్రీలు ముందు నాట్లు వేసే ఆడవాళ్ళ ఇళ్ళకి వెళ్ళేవాళ్ళు. నేను ముందు నారు తీసేవాళ్ళ ఇంటికి వెళ్ళేదాన్ని. నాట్లు వేసేవాళ్ళు వీధికి పదిమంది దొరుకుతారు. వేరు తెగకుండా చకచకా నారు పీకి కట్ట కట్టేవాళ్ళు ఊరికి నలుగురు. కట్టలు అందకపోతే ఇరవై మంది ఆడవాళ్ళు గట్టు మీద కబుర్లు చెప్పుకోవడమే. తక్కువగా దొరికేవాణ్ణి ముందు పట్టాలి. ఈ లెక్కలో నేనెప్పుడూ దెబ్బతినలేదు.

సెప్టెంబరు మొదట్లో వచ్చే పొడుగు సెలవుల ఆదివారం, ఎర్రగడ్డం ఆయన ఇంట్లో డ్రాఫ్ట్ పెట్టారు. ఆయన ఇల్లు నీళ్ళకి అవతలి ఒడ్డున. చర్చి అయ్యాక ఇద్దరం ఫెర్రీ ఎక్కాం. పైన కూర్చుని, గాలికి కొంగు పట్టుకుని, నారు తీసేవాళ్ళ సంగతంతా ఆమెకి చెప్పాను.

"నిజమే అత్తయ్యా" అంది.

ఆ మాట పట్టుకుని, ఆమె నాతో ఏకీభవించిందనే నేననుకున్నాను.

ఆయన గరాజులో గోడకి పెద్ద చార్టు అంటించి ఉంది. ఆటగాళ్ళ పేర్లు రంగురంగుల స్టిక్కర్ల మీద ఉన్నాయి. ఎవరు ఎవర్ని ఏరుకుంటే ఆ స్టిక్కర్ పీకి తమ గడిలో అంటించుకోవాలి. మనిషికి రెండు నిమిషాల టైము. మొదటి వంతు మాది కాబట్టి అందరి చూపులూ మా మీదే. ఎర్రగడ్డం ఆయన కుర్చీ వెనక్కి వాల్చి ఏదో అన్నాడు, అందరూ నవ్వారు.

"ఏమంటున్నాడు?" అనడిగాను.

"కొత్తవాళ్ళంతా ముందు క్వార్టర్‌బ్యాక్ మీదే పడతారట. ఎవర్ని తీసుకున్నా క్రిస్మస్ డ్యూటీకి ల్యాబ్‌లో నేను కూర్చునే కుర్చీకి బొంత కప్పి రెడీగా పెడతానంటున్నాడు."

నాకు కోపం వచ్చింది. కోడలి చెయ్యి అప్పటికే చార్టు దాకా వెళ్ళింది. అక్కడ ఆగింది. నేను గట్టిగా, గరాజంతా వినపడేలా, "పరిగెత్తేవాణ్ణి తీసుకో అమ్మాయ్! ఆలోచించకు!" అన్నాను. తెలుగులోనే అన్నా నా వేలు ఎటు చూపిస్తోందో అందరికీ తెలుస్తూనే ఉంది.

ఆమె నా వైపు ఒకసారి చూసింది. పరిగెత్తేవాడి స్టిక్కర్ పీకి మా గడిలో అంటించింది. అందరూ ఓహో అన్నారు. ఎర్రగడ్డం ఆయన నన్ను చూపించి, "అసలు కోచ్ ఈవిడా!" అన్నాడట. నేను తెగ పొంగిపోయాను. వెనక్కి వచ్చేటప్పుడు ఫెర్రీలో మా కోడలు ఎక్కువ మాట్లాడలేదు. అలిసిపోయిందనుకున్నాను.

మూడు వారాలు మా వాడు దున్నేశాడు. రెండు గెలుపులు, ఒక ఓటమి. నాలుగో వారం ఆట రెండో సగంలో ఇద్దరు వాడి మీద పడ్డారు. లేచాడు గానీ ఒక కాలు నేలమీద ఆననివ్వలేదు. మోకాలు. కనీసం రెండు నెలలు రాడని రాశారు.

అక్కణ్ణుంచి వరసగా ఓడాం. నాలుగో వారం, ఐదో వారం, ఆరో వారం. పదిమందిలో పదో చోట మా పేరు. ల్యాబ్‌లో భోజనాల బల్ల దగ్గర పాపం అందరూ మర్యాదగానే ఉన్నారట. ఎర్రగడ్డం ఆయన మాత్రం బొంత ఏ రంగుది కావాలని అడిగాడట. "ఎరుపు, మీ గడ్డానికి మ్యాచ్ అయ్యేలా" అని మా కోడలు చెప్పిందట. ఇంటికొచ్చి ఆ మాట చెప్పి నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

ఆ వారంలోనే ఒకరోజు ఆమె డ్యూటీకి వెళ్ళాక, వంటింటి బల్ల మీద ఆమె పుస్తకం కనిపించింది. నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై మూడో ఏట, మా ఊరి చర్చిలో సాయంత్రం బడిలో. ఇంగ్లీషు అక్షరాలు ఇక్కడికొచ్చాక బస్సుల నుదుటి మీద చూసి పట్టుకున్నాను. ఇప్పటికీ ఏది దొరికినా వేలు పెట్టి చదవడం నాకు అలవాటు. ఒకరి పుస్తకం చదవకూడదన్న బుద్ధి అక్షరాలతోపాటు రాలేదు. చదివాను.

ఆమె తెలుగూ ఇంగ్లీషూ కలిపి రాసుకుంటుంది. డ్రాఫ్ట్‌కి రెండు రోజుల ముందు పేజీలో ఇలా ఉంది: "మొదట రిసీవర్. ఖాయం. రన్నర్లకి దెబ్బలు ఎక్కువ. నాకు గెలవక్కర్లేదు, ఆఖరు కాకపోతే చాలు. పద్నాలుగు వారాలూ నిలబడేవాడు కావాలి." ఖాయం అన్న మాట కింద రెండు గీతలు.

ఆ పేజీ మీద నుంచి వేలు తియ్యలేకపోయాను. నా లెక్క ఎక్కడ తప్పిందో అప్పుడు తెలిసింది. నాది ఒక్క రోజులో తేలే పొలం. సాయంత్రానికి ఊడ్పు అయిపోతే, మర్నాడు ఎవడి నడుము పట్టేసినా నాకు పట్టదు, ఇంకొకణ్ణి చూసుకుంటాను. ఆమె కట్టేది మూడు నెలల పైచిలుకు ముఠా. పైగా అందరికంటే ముందు ఊడ్చేయాలన్న పందెం నాది. అందరికంటే వెనకపడకూడదన్నంత వరకే ఆమె పందెం. ఆమె తన అవసరమేదో తెలుసుకుని, దానికి తగిన మనిషిని ఏరుకుంది. నేను నా పాతికేళ్ళ మేస్త్రీతనం ఆమె నెత్తిన రుద్దాను.

సాయంత్రం ఆమె కోటు విప్పుతుండగానే అడిగేశాను.

"నీ పుస్తకం చదివాను. తిట్టాలంటే తిట్టు. రిసీవర్ని ఖాయం చేసుకుని ఆ పరిగెత్తేవాణ్ణి ఎందుకు తీసుకున్నావ్?"

ఆమె కోటు కొక్కేనికి తగిలించింది. "అంతమందిలో మీ మాట తీసెయ్యమంటారా అత్తయ్యా?"

"తీసెయ్యాలి! నా మాట తీసేస్తే నాకేం ఊడిపోతుంది? నీకు క్రిస్మస్ పోతోంది!"

"మీరు చెప్పిందాంట్లో నిజం ఉంది. అందుకే అక్కడ చెయ్యి ఆగింది."

"నాకు సర్ది చెప్పకు. నేను అరవకపోతే నీ చెయ్యి ఎటు పోయేది?"

ఆమె స్టవ్ వెలిగించి, టీ నీళ్ళు పెట్టి, అప్పుడు చెప్పింది. "రిసీవర్ మీదకి."

ఆ ఒక్క మాట కోసమే నేను అడిగాను. అబద్ధం చెప్పి నన్ను ఊరుకోబెట్టనందుకు ఆమె మీద నాకు గౌరవం ఇంకాస్త పెరిగింది.

"ఇకమీదట నేను తప్పు చెప్తే కాదను. ఎంతమందిలోనైనా సరే" అన్నాను.

"అలవాటు లేదండీ."

"నేను యాభై మూడేళ్ళకి అ ఆ లు అలవాటు చేసుకున్నా. నీకు ముప్ఫై ఆరేగా."

అప్పుడు నవ్వింది. ఆరు వారాల్లో ఆమె మనసారా నవ్వడం అదే మొదటిసారి.

ఆ తర్వాత ఆమె చేసిన పని చూడవలసిందే. వారం వారం ఎవరూ వద్దనుకున్న ఆటగాళ్ళు కొందరు మిగులుతారు. మంగళవారాలు ఆమె వాళ్ళని వెతికేది. మెరుపుల్లాంటివాళ్ళని కాదు. ప్రతి వారం ఆరో ఏడో పాయింట్లు తప్పకుండా తెచ్చేవాళ్ళని. ల్యాబ్‌లో ఒక్కసారి వచ్చిన అంకెని నమ్మదట ఆమె. రెండు మూడుసార్లు అలాగే వస్తేనే నమ్ముతుందట. ఇక్కడా అంతే. "మొన్న ముప్ఫై కొట్టినవాడున్నాడు కదా, వాణ్ణి తీసుకో" అని నేనంటే, "వాడు అంతకు ముందు వారం రెండు కొట్టాడు" అని పేజీ తిప్పేది. ఎక్కువ వాడి వాడి అరిగిపోయిన పరిగెత్తేవాళ్ళని ఇద్దరిని వదిలేసి, బంతి అందుకునేవాళ్ళలోనే పేరు లేని ముగ్గుర్ని కూర్చింది. ఒక వారం గెలిచాం. రెండు ఓడాం. ఇంకొకటి గెలిచాం. పదో చోటు నుంచి తొమ్మిదికి వచ్చాం, మళ్ళీ పదికి జారాం.

ఆఖరి వారానికి మాకు నాలుగు గెలుపులు. ఎర్రగడ్డం ఆయనకీ నాలుగే. ఆయన జట్టులో సగం మంది దెబ్బలు తగిలి కూర్చున్నారు. ఆ వారం పోటీ మాకూ ఆయనకే. ఓడినవాళ్ళు ఆఖరు.

సరిగ్గా ఆ వారమే మా పరిగెత్తేవాడు మోకాలు బాగుపడి తిరిగొచ్చాడు.

ఆదివారం చర్చి నుంచి రాగానే ఆమె ఫోన్ పట్టుకుని కూర్చుంది. వాణ్ణి ఆడించాలా, బెంచీ మీద ఉంచాలా? బెంచీ మీద ఉంచినవాడు మైదానంలో ఎంత కొట్టినా మన లెక్కలోకి రాదు. మా అబ్బాయి, ఆరాధన నుంచి మాతోపాటు భోజనానికొచ్చిన పాస్టరుగారు, ఆయన భార్య, అందరూ చుట్టూ ఉన్నారు.

"వాడు మనవాడు. నేనే ఏరాను. వాణ్ణి పెట్టు" అన్నాను. నా నోరు నా మాట వినదు.

ఆమె తలెత్తింది. పాస్టరుగారి వైపు చూసింది, నా వైపు చూసింది. "కాదు అత్తయ్యా. వాడు రెండు నెలలు పరిగెత్తలేదు. ఇవాళ ఎంత ఆడనిస్తారో ఎవరికీ తెలీదు. వద్దు" అంది. ఫోన్‌లో నొక్కేసింది.

పాస్టరుగారి భార్య పెరుగు గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. పెళ్ళయిన పదకొండేళ్ళలో ఆ పిల్ల నన్ను కాదనడం అదే మొదలు. మా అబ్బాయి గబగబా అన్నం కలుపుకోవడం మొదలుపెట్టాడు.

"సరే, నీ ఇష్టం" అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

అయితే ఆ బెంచీ మీద కూర్చోబెట్టిన వాడు ఆ మధ్యాహ్నం చెలరేగిపోయాడు. బంతితో రెండుసార్లు పాయింట్ల గీత దాటాడు. నేను కుర్చీలో కుదురుగా లేను.

"చూశావా! నావాడు ఎలా దంచుతున్నాడో!"

"దంచుతున్నాడు అత్తయ్యా, బెంచీ మీద" అంది ఆమె, కళ్ళు తిప్పకుండా.

ఆమె నమ్మకం పెట్టుకున్న ముగ్గురు పేరులేనివాళ్ళూ తలా కాసిని తెచ్చారు. గొప్పగా ఏం లేదు, వారం వారం తెచ్చేదే. ఎర్రగడ్డం ఆయన మెరుపు మనుషులు ఇద్దరు ఆ రోజు వెలగలేదు. భోజనాల గిన్నెలు కడగడం అయ్యేసరికి లెక్క తేలింది. మూడు పాయింట్ల తేడాతో మా కోడలు గెలిచింది. గిన్నెలు తుడిచే గుడ్డ మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. మూడేళ్ళూ సణగకుండా దాచుకున్నదంతా అందులో ఉంది. పాస్టరుగారు, "అమ్మా, క్రిస్మస్‌కి పాటల లిస్టు నువ్వే రాసియ్యి" అన్నారు.

ఎర్రగడ్డం ఆయన మాట తప్పలేదు. సీనియర్ననే సాకు చెప్పలేదు, వంట్లో బాలేదని సెలవూ పెట్టలేదు. ముందు రోజు మా కోడలు ఆయనకి డబ్బాలో చికెన్ పలావు, కజ్జికాయలు పట్టుకెళ్ళింది. మొదట క్వార్టర్‌బ్యాక్‌ని తీసుకుని చెడిపోయానని ఆయన ఒప్పుకున్నాడట. వచ్చే ఏడు డ్రాఫ్ట్‌కి ముందు ఆమె పుస్తకం అద్దెకిస్తావా అని అడిగాడట. ఇవ్వనందట.

క్రిస్మస్ ఉదయం హాలు నిండిపోయింది. మా కోడలు ముదురాకుపచ్చ చీర కట్టుకుని ముందు నిలబడి మొదటి పాట ఎత్తుకుంది. వెనక వరసల్లో పిల్లలు సైతం ఫోన్లు దింపారు. నేను ఊరుకోలేక, సంతోషం పట్టలేక, నాకు చేతనైనంత గట్టిగా అందుకున్నాను. చరణం మధ్యలో ఆమె పాట ఆపకుండానే నా వైపు తిరిగి, అరచెయ్యి కిందికి దించి చూపించింది. తగ్గించమని. అంతమందిలో.

తగ్గించాను. పాట బాగా వచ్చింది.